“నాకిక్కడ ఎవ్వలు లేరు” అని పిల్లలు అన్నప్పుడు: హాస్టల్‌లో గ్రూపులు, కలిసిపోవడం, మన వంతు పని



జూన్‌లో స్కూల్ తెరిచాక హాస్టల్ పిల్లల ఇళ్ళ నుంచి టీచర్లకు వచ్చే ఫోన్లన్నీ మొదట అన్నం గురించి, నిద్ర గురించి, పోయిన బకెట్ గురించి, చిన్నబడిన యూనిఫామ్ గురించి ఉంటాయి. మూడో వారం వచ్చేసరికి ప్రశ్న మారుతుంది. “మేడమ్, మా బాబు ఎవరితో కలుస్తలేడట, నిజమేనా?” “మా పాపను రూమ్‌లో పిల్లలు మాట్లాడిస్తలేరట, మీరు జర చూడండి.” ఫోన్‌లో అటువైపు పిల్లలు చెప్పే మాట దాదాపు ఒకటే ఉంటుంది: “అమ్మా, నన్ను తీస్కపో. నాకిక్కడ ఎవ్వలు లేరు.”

ఆ మాట విన్న రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. కొందరు తెల్లారేసరికి బండి మాట్లాడుకుని హాస్టల్ గేటు ముందు ఉంటారు. కొందరు “అందరూ ఉంటలేరా, నీకేమైంది” అని గట్టిగా అనేసి ఫోన్ పెట్టేస్తారు. ఈ రెంటికీ మధ్య చేయదగ్గ పని చాలా ఉంది. ముందు హాస్టల్‌లో గ్రూపులు ఎలా ఏర్పడతాయో తెలుసుకుంటే ఆ పని సులువవుతుంది.

గ్రూపులు ఎందుకు కడతారు?

కొత్త చోటికి పోయిన మనిషి ముందు తెలిసిన ముఖం కోసం వెతుకుతాడు. దుబాయ్‌లో దిగిన మన ఊరి మనిషి మొదట జగిత్యాల వాళ్ళ రూమ్ ఎక్కడని అడుగుతాడు. భీవండికి పోయిన చేనేత కుటుంబం ముందు సిరిసిల్ల వాళ్ళుండే గల్లీనే చూసుకుంటుంది. హాస్టల్‌లో పదేళ్ళ పిల్లలు చేసేది కూడా అదే. కోరుట్ల నుంచి వచ్చినవాళ్ళు ఒక టేబుల్, సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్ళు ఒక టేబుల్. నాలుగో తరగతి నుంచి ఉన్నవాళ్ళు ఒక బ్యాచ్, ఈ ఏడాది కొత్తగా చేరినవాళ్ళు ఒక బ్యాచ్. క్రికెట్ ఆడేవాళ్ళు ఒకవైపు, క్యారమ్స్ ఆడేవాళ్ళు ఇంకోవైపు.

ఇందులో చెడు ఏమీ లేదు. మొదటి నెలలో గ్రూపు పిల్లలకు ఒక ఇల్లు లాంటిది. ఇబ్బంది ఆ ఇంటి తలుపు మూసుకున్నప్పుడే వస్తుంది.

ఆ తలుపు ఎంత తేలిగ్గా మూసుకుంటుందో చూపించిన పరిశోధన ఒకటి ఉంది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వవేత్త 14, 15 ఏళ్ళ బడి పిల్లలకు కొన్ని బొమ్మలు చూపించి, మీకు ఏ చిత్రకారుడి బొమ్మలు నచ్చాయో దాన్ని బట్టి మిమ్మల్ని రెండు గ్రూపులు చేస్తున్నామని చెప్పాడు. నిజానికి ఎవరిని ఏ గ్రూపులో వేయాలన్నది ఇష్టాన్ని బట్టి చేయలేదు. తమ గ్రూపులో ఎవరున్నారో కూడా పిల్లలకు తెలియదు. అయినా డబ్బులు పంచమన్నప్పుడు తమ గ్రూపుకే ఎక్కువ ఇచ్చారు. తమ వాళ్ళకు వచ్చే మొత్తం కొంత తగ్గినా సరే, అవతలి గ్రూపు కన్నా తేడా ఎక్కువ ఉండాలని చాలామంది చూసుకున్నారు. ఈ ఫలితాలు 1970లో అచ్చయ్యాయి.

అంటే గ్రూపు కట్టడానికి పాత పగ అక్కరలేదు. పేరు పెడితే చాలు. మన హాస్టల్‌లో ఆ పేర్లు మనమే పెడుతుంటాం. “ఫలానా సెక్షన్”, “కొత్త అడ్మిషన్”, “తెలుగు మీడియం నుంచి వచ్చినవాడు” అని రోజూ పెద్దల నోట వింటే పిల్లలు ఆ గీతల మీదే కూర్చుంటారు. టీచర్‌గా ఈ మాట నేను మాకు కూడా వర్తించేటట్టే రాస్తున్నాను.

మన పిల్లలు ఏ ఇళ్ళ నుంచి వస్తున్నారు?

హాస్టల్ రూమ్‌లో మంచాలన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. పిల్లలు వచ్చిన ఇళ్ళు మాత్రం ఒక్క తీరువి కావు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చేదాకా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ కరీంనగర్ జిల్లాలోనే ఉండేవి. ఇప్పుడు జగిత్యాల, కోరుట్ల ఒక జిల్లా అయితే సిరిసిల్ల ఇంకో జిల్లా. అయితే జిల్లా పేరు కన్నా బతుకుతెరువుల్లోనే అసలు తేడా ఉంది.

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల చుట్టుపక్కల చాలా ఇళ్ళల్లో నాన్న గల్ఫ్‌లో ఉంటాడు. ఆ పిల్లలకు నాన్న అంటే రెండేళ్ళకోసారి వచ్చే మనిషి, రోజూ వీడియో కాల్‌లో కనిపించే ముఖం. వాళ్ళు అమ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో, నాయనమ్మ దగ్గరో పెరిగారు. అలాంటి బాబును హాస్టల్‌లో వేస్తే ఇల్లు రెండోసారి విడిపోయినట్టు అనిపించవచ్చు. పైకి మాత్రం చేతికి మంచి వాచ్, కాలికి మంచి షూస్ ఉంటాయి. రూమ్‌లో మిగతా పిల్లలకు ముందు కనిపించేది ఆ షూసే.

సిరిసిల్ల నుంచి వచ్చిన పాప సాంచాల చప్పుడు మధ్య పెరిగి ఉండవచ్చు. నాలుగు సాంచాలున్న ఆసామి బిడ్డ కావచ్చు, కొన్నాళ్ళు భీవండిలోనో షోలాపూర్‌లోనో ఉండి తిరిగొచ్చిన కుటుంబం బిడ్డ కావచ్చు. అలాంటి పిల్లలకు హిందీ, మరాఠీ ధారాళంగా వస్తాయి, తెలుగు రాయడం మాత్రం కష్టమవుతుంది. కోరుట్ల, జగిత్యాల పట్టణాల్లోని చాలామంది పిల్లలకు ఇంటి భాష ఉర్దూ. పల్లెల నుంచి వచ్చేవాళ్ళల్లో పసుపు, మామిడి, వరి చేసే రైతుల పిల్లలున్నారు. బీడీలు చుట్టి ఫీజు కడుతున్న తల్లుల పిల్లలు కూడా ఉన్నారు.

బతుకమ్మ దగ్గర కూడా వీళ్ళకు వాదన వస్తుంది. చాలా ఊర్లలో తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ ఆడితే వేములవాడలో ఏడో రోజే ఆడతారు. “మీరు తప్పు ఆడుతున్నరు” అంటే “మీరే తప్పు” అని ఇద్దరు ఆడపిల్లలు పోట్లాడుకోవచ్చు. “ఒక ఊర్లో ఒక ఆచారం, రెండూ సరైనవే” అని దగ్గరున్న పెద్దవాళ్ళు ఒక్క మాట చెబితే ఆ పోట్లాటే మంచి కబురుగా మారుతుంది. ఎవరూ చెప్పకపోతే అక్కడ ఒక గీత పడుతుంది.

పిల్లలను వేరు చేసి చూపించేవి ఏవి?

మొదటిది మాట తీరు. మన జగిత్యాల, కరీంనగర్ వైపు “అస్తున్న”, “అచ్చిండు” అంటాం. పట్టణంలో ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లవాడికి అది నవ్వు పుట్టిస్తుంది. ఒకసారి నవ్వితే ఆ పాప క్లాసులో నోరు తెరవదు. నోరు తెరవకపోతే ఇంగ్లిష్ రాదు, ఇంగ్లిష్ రాకపోతే ఇంకా నవ్వుతారు. ఇంగ్లిష్ చెప్పే టీచర్‌గా నేను ఖచ్చితంగా చెప్పగలిగిన మాట ఒకటుంది. ఇంటి యాస వల్ల ఇంగ్లిష్ చెడిపోదు, సిగ్గు వల్ల చెడిపోతుంది. దయచేసి ఇంట్లో “గట్ల మాట్లాడకు, ఊరోళ్ళ లెక్క” అని పిల్లలను అనకండి. ఆ మాట వాళ్ళు హాస్టల్‌కు మోసుకొచ్చి ఇంకొకరి మీద వాడతారు.

రెండోది డబ్బు. జేబు ఖర్చుకు ఒకరికి వంద, ఒకరికి వెయ్యి ఇస్తే నెల తిరిగేసరికి వెయ్యి రూపాయల బాబు చుట్టూ ఒక గుంపు తయారవుతుంది. వాళ్ళలో దోస్తులెవరో, బిస్కెట్ల కోసం వచ్చినవాళ్ళెవరో ఆ బాబుకే తెలియదు. డబ్బులు అయిపోయిన రోజు ఒంటరివాడవుతాడు. స్కూల్ చెప్పిన మొత్తానికి మించి ఇవ్వకండి. అందరూ అదే పాటిస్తే అందరి పిల్లలకూ మంచిది.

మూడోది సెక్షన్లు. మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా చేయడం కార్పొరేట్ స్కూళ్ళల్లో మామూలైపోయింది. దాని వల్ల చదువుకు లాభమా నష్టమా అన్న చర్చ ఇక్కడ వద్దు. కానీ పగలంతా సెక్షన్ వారీగా కూర్చున్న పిల్లలు సాయంత్రం రూమ్‌లో, మెస్‌లో, గ్రౌండ్‌లో కూడా అలాగే విడిపోతే పై సెక్షన్ వాళ్ళకు గర్వం, కింది సెక్షన్ వాళ్ళకు చిన్నతనం అలవాటవుతాయి. మీ పాప సెక్షన్ మారినప్పుడు “పైకి పోయినవ్” అనో “కిందికి పడ్డవ్” అనో కాకుండా “కొత్త టీచర్లు ఎట్లున్నరు?” అని అడగండి.

నాలుగోది ఇంటిపేరు. పిల్లవాడు కొత్త దోస్తు పేరు చెప్పగానే “వాళ్ళు ఎవరు? ఏమిటోళ్ళు?” అని మన నోటికి వచ్చేస్తుంది. పదేళ్ళ పిల్లవాడికి ఆ ప్రశ్న అర్థం కాదనుకుంటాం. మరుసటి రోజు అతను రూమ్‌లో అదే ప్రశ్న అడుగుతాడు. కులం గురించి, మతం గురించి హాస్టల్‌లోకి వచ్చే మాటల్లో ఎక్కువ భాగం ఇంటి దగ్గర నుంచో ఫోన్‌లోనో వచ్చినవే. దోస్తు గురించి అడగదలిస్తే ఏం ఆడతాడు, ఏం తింటాడు, ఏ సబ్జెక్టు ఇష్టం అని అడగండి.

హాస్టల్ చదువు మనకు కొత్త కాదు

పిల్లలను కలిపి ఉంచడం ఎలాగన్నది మన రాష్ట్రంలో చాలా ఏళ్ళుగా ఆలోచిస్తున్న విషయమే. 1971లో పీ.వీ. నరసింహారావు చొరవతో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల మొదలైంది. పల్లె పిల్లలు ఒకే చోట ఉండి, తిని, చదువుకునే ఆ పద్ధతే తర్వాత రాష్ట్రమంతా విస్తరించింది.

1986 జాతీయ విద్యా విధానంతో విస్తరించిన నవోదయ విద్యాలయాలు ఇంకో అడుగు వేశాయి. మన దగ్గర చొప్పదండి నవోదయ చాలామందికి తెలిసిందే. నవోదయలో పిల్లలను ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని నాలుగు హౌస్‌లుగా చేస్తారు. ఒక్కో హౌస్‌లో చిన్న క్లాసు పిల్లలు, పెద్ద క్లాసు పిల్లలు, వేర్వేరు ఊర్లవాళ్ళు కలిసి ఉంటారు. తొమ్మిదో తరగతిలో కొంతమంది పిల్లలను ఏడాది పాటు హిందీ మాట్లాడే రాష్ట్రంలోని నవోదయకు పంపి, అక్కడి పిల్లలను ఇక్కడికి తెస్తారు. భాష రాని చోట ఒక ఏడాది ఉండడం మొదట భయమే. కానీ అలా వెళ్ళిన పిల్లలంతా అక్కడ కొత్తవాళ్ళే. కొత్తవాళ్ళు కొందరు కలిసి ఉన్న చోట ఒక్కరిని పక్కన పెట్టడం కష్టం.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే కలిసిపోతారని ఊరుకోకుండా, కలిసేటట్టు పెద్దలు ముందే ఏర్పాటు చేయాలి.

కలిసి కూర్చోబెడితే సరిపోతుందా?

సరిపోదు. దీనికి బాగా పేరున్న ఉదాహరణ ఒకటి అమెరికాలో ఉంది. 1954లో ఓక్లహోమా రాష్ట్రంలో ముజఫర్ షెరీఫ్ అనే శాస్త్రవేత్త పదకొండేళ్ళ వయసున్న 22 మంది మగపిల్లలను వేసవి క్యాంపుకు తీసుకెళ్ళి రెండు గ్రూపులు చేశాడు. పోటీలు పెట్టి గెలిచినవాళ్ళకు బహుమతులన్నారు. కొద్ది రోజుల్లోనే ఒకరి జెండా ఒకరు కాల్చుకున్నారు, ఒకరి గదుల మీద ఒకరు పడ్డారు. తర్వాత రెండు గ్రూపులను ఒకే చోట భోజనానికి కూర్చోబెట్టి, సినిమాలు చూపిస్తే గొడవ తగ్గలేదు. అన్నం దగ్గర కూడా ఒకరి మీద ఒకరు విసురుకున్నారు.

తగ్గింది ఎప్పుడంటే, క్యాంపుకు నీళ్ళు ఆగిపోయినప్పుడు. లోపం ఎక్కడుందో అందరూ కలిసి వెతకాల్సి వచ్చింది. ఇంకోసారి లారీ స్టార్ట్ కాకపోతే రెండు గ్రూపులూ ఒకే తాడు పట్టి లాగాయి. అలాంటి కొన్ని పనుల తర్వాత పిల్లలు ఇంటికి ఒకే బస్సులో కలిసి వెళ్ళారు. పిల్లల మీద ఇలాంటి ప్రయోగం ఈ రోజుల్లో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. కానీ అది నేర్పిన విషయం హాస్టల్‌కు బాగా పనికొస్తుంది: పక్కపక్కన కూర్చున్నందుకు పిల్లలు కలవరు, ఒకరి సాయం ఒకరికి నిజంగా అవసరమైనప్పుడు కలుస్తారు.

క్లాసులో దీన్ని చేసే పద్ధతి 1971లో ఎలియట్ ఆరన్సన్ అనే ప్రొఫెసర్ టెక్సస్‌లోని ఆస్టిన్ స్కూళ్ళలో మొదలుపెట్టాడు. నల్లజాతి, తెల్లజాతి, మెక్సికన్ కుటుంబాల పిల్లలు అప్పుడే ఒకే బడిలోకి వచ్చి గొడవలు పడుతున్న సమయం అది. పాఠాన్ని ముక్కలు చేసి, గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. మిగతావాళ్ళ ముక్క తెలియాలంటే వాళ్ళు చెప్పింది శ్రద్ధగా వినాల్సిందే. నవ్వితే నష్టం నవ్వినవాడికే. ఇంగ్లిష్ పాఠానికి ఈ పద్ధతి చక్కగా పనికొస్తుంది. ఒక కథను నాలుగు భాగాలు చేసి నలుగురికి ఇస్తే, ఎప్పుడూ మాట్లాడని పాప దగ్గర కథ ముగింపు ఉంటుంది. ఆ రోజు అందరూ ఆమె చుట్టూ కూర్చుంటారు.

మొదటి నెలా నెలన్నర

ఇంటి మీద బెంగ రోగం కాదు. ఇంటిని ప్రేమించే ప్రతి పిల్లకూ ఎంతో కొంత ఉంటుంది. క్యాంపులకు, హాస్టళ్ళకు వెళ్ళే పిల్లల బెంగ మీద 2007లో అమెరికా పిల్లల డాక్టర్ల పత్రిక ‘పీడియాట్రిక్స్’ ఒక వ్యాసం అచ్చేసింది. అందులోని సలహాల్లో మనకు బాగా పనికొచ్చేవి మూడు.

ఒకటి, హాస్టల్‌లో వేయాలన్న నిర్ణయంలో పిల్లలకు భాగం ఉండాలి. “రేపు పోతున్నం, పెట్టె సర్దుకో” అని చెప్పిన పిల్లలకు బెంగ ఎక్కువ.

రెండు, ముందుగా అలవాటు చేయాలి. సెలవుల్లో అమ్మమ్మ ఇంట్లోనో, పెద్దమ్మ ఇంట్లోనో అమ్మానాన్నలు లేకుండా నాలుగు రోజులు ఉండనివ్వండి.

మూడు, “నచ్చకపోతే తీసుకొస్త” అని ముందే మాట ఇవ్వకండి. ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాట విన్న పిల్లవాడు దోస్తుల కోసం చూడడు, ఇంటికి పోయే రోజు కోసం చూస్తాడు. దానికి బదులు, “మొదట్లో బెంగగానే ఉంటది. అప్పుడు ఏం చేద్దమో ఇప్పుడే అనుకుందం” అనండి. వార్డెన్ దగ్గరికి పోవడం, ఉత్తరం రాయడం, ఆట ఆడడం, ఒక్క దోస్తుతో మాట్లాడడం, ఇలా నాలుగు దారులు చెప్పి పంపండి.

ఇంకో విషయం. పిల్లలకు పది మంది దోస్తులు అక్కరలేదు. మెస్‌లో పక్కన కూర్చునే ఒక్కరు, ఆటలో పిలిచే ఒక్కరు ఉంటే మొదటి నెల గడిచిపోతుంది. “నీకు ఎంతమంది దోస్తులు?” అని అడిగితే పిల్లవాడు లెక్క పెట్టుకుని బాధపడతాడు.

ఫోన్‌లో ఏం అడగాలి?

వారానికోసారి దొరికే పది నిమిషాల ఫోన్‌లో మనం అడిగేవి ఎప్పుడూ ఇవే: తిన్నవా? మంచిగ చదువుతున్నవా? ఎవరన్న కొడుతున్నరా? మొదటి రెండింటికీ “ఆ” అంటారు, మూడోదానికి ఏడుస్తారు. వీటికి బదులు ఇవి అడిగి చూడండి:

“ఇయ్యాల టిఫిన్ కాడ నీ పక్కన ఎవరు కూసున్నరు?”
“ఈ వారం నిన్ను ఎవరు నవ్వించిన్రు?”
“ఆటల పీరియడ్‌ల ఏం ఆడిన్రు? ఎవరి టీంల ఉన్నవ్?”
“నీ లెక్కనే ఎవరన్న ఒక్కరే కూసుంటున్నరా? వాళ్ళ పేరేంది?”

నాలుగో ప్రశ్న చాలా పనిచేస్తుంది. హాస్టల్‌లో ఒంటరిగా ఉన్న పిల్ల ఎప్పుడూ ఒక్కతే ఉండదు, ఇంకో ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళకు ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

గల్ఫ్‌లో ఉన్న నాన్నలకు ఒక మాట. మీ సెలవు, హాస్టల్ ఫోన్ సమయం ఒకే రోజు పడకపోవచ్చు. వార్డెన్‌తో మాట్లాడి నెలకు రెండుసార్లు ఒక ఖాయమైన సమయం పెట్టుకోండి. చెప్పిన సమయానికి వచ్చే చిన్న ఫోన్, ఎప్పుడో వచ్చే పెద్ద ఫోన్ కన్నా పిల్లలకు ధైర్యం ఇస్తుంది.

ఏది మామూలు, ఏది కాదు?

గ్రూపులో లేకపోవడం వేరు, కావాలని పక్కన పెట్టడం వేరు, హింసించడం వేరు. మొదటిది చాలాసార్లు నెల తిరిగేలోగా సర్దుకుంటుంది. రెండోదాన్ని పెద్దలు పట్టించుకోవాలి. మూడోదాన్ని ఆ రోజే ఆపాలి.

“పక్కన పెడితే ఏమైంది, కొట్టలేదు కదా” అనుకోకండి. 2003లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు కంప్యూటర్‌లో ఒక బంతాట పెట్టి, ఆడుతున్న మనిషికి మధ్యలో బంతి వేయడం మానేశారు. అప్పుడు మెదడును స్కాన్ చేస్తే, ఒంటికి నొప్పి కలిగినప్పుడు పనిచేసే భాగాల్లో ఒకటి పనిచేయడం కనిపించింది. “మనసు నొచ్చింది” అని మన భాష ఎప్పటి నుంచో అంటున్నదే ఇది.

ఈ గుర్తులు కనిపిస్తే ఆగకుండా స్కూల్‌కు ఫోన్ చేయండి: వస్తువులు, డబ్బులు పదేపదే “పోతున్నాయి” అనడం, ఔటింగ్ నుంచి తిరిగి వెళ్ళే రోజు కడుపునొప్పి, వాంతులు, పక్క తడపడం మళ్ళీ మొదలవడం, ఒంటి మీద దెబ్బలకు సరైన జవాబు లేకపోవడం, ఫోన్‌లో ఎవరో పక్కన ఉన్నట్టు ఆగి ఆగి మాట్లాడడం, ఇష్టమైన ఆట మానేయడం, చచ్చిపోవాలని ఉందని ఏ రూపంలో అన్నా సరే.

పెద్ద పిల్లలు చిన్న పిల్లలతో బట్టలు ఉతికించుకోవడం, బెదిరించడం, అవమానించడం “హాస్టల్‌లో మామూలే” కాదు. మన రాష్ట్రంలో 1997 నుంచి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని విద్యాసంస్థ పెద్దలను కూడా నేరానికి సహకరించినవాళ్ళుగానే ఆ చట్టం చూస్తుంది. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం పిల్లలను కొట్టడానికి, మానసికంగా వేధించడానికి ఎవరికీ హక్కు లేదు. అందులో టీచర్లం, వార్డెన్లం మేమూ ఉన్నాం. పిల్లల సాయం కోసం 1098, మానసిక ఆరోగ్యం కోసం టెలీ మానస్ 14416 నంబర్లు ఉచితంగా పనిచేస్తాయి. ఈ రెండూ మీ పిల్లల పుస్తకం మొదటి పేజీలో రాసి ఇవ్వండి.

ఫిర్యాదు చేసేటప్పుడు “మా వాణ్ణి అందరూ సతాయిస్తున్నరు” అంటే మాకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఏ రోజు, ఎక్కడ, ఎవరు, ఏం చేశారు అని రాసి ఇవ్వండి. అవతలి పిల్లవాణ్ణి మీరే గేటు దగ్గర పట్టుకుని అడగకండి. దానితో మీ బాబుకు ఆ రాత్రి రూమ్‌లో ఇంకా కష్టమవుతుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఒక్కోసారి సతాయించే పిల్ల మన పిల్లే అవుతుంది. అలాంటి ఫోన్ వస్తే “మా పాప అట్ల చేయది” అనే ముందు ఒక్కసారి పూర్తిగా వినండి. ఇంట్లో బాగుండే పిల్లలు గుంపులో వేరుగా ఉండగలరని పైన చెప్పిన క్యాంపు పిల్లలే సాక్ష్యం.

స్కూల్‌ను మీరు అడగదగినవి

ఫీజు కడుతున్న తల్లిదండ్రులుగా మార్కుల గురించి అడిగినంత గట్టిగా ఇవి కూడా అడగండి. రూమ్‌లు ఎలా కేటాయించారు, ఒకే ఊరి పిల్లలనో ఒకే సెక్షన్ పిల్లలనో ఒకే రూమ్‌లో వేశారా? కొత్త పిల్లలకు తోడుగా పాత పిల్లలను ఎవరినైనా పెట్టారా? రాత్రి ఆ అంతస్తులో ఏ పెద్దవాళ్ళు ఉంటారు? రోజులో ఆటకు నిజంగా ఎన్ని నిమిషాలు ఇస్తున్నారు? చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. కానీ స్టడీ అవర్‌లో ఎవరూ దోస్తులు కారు, గ్రౌండ్‌లోనే అవుతారు. ఆట గంట తగ్గిన చోట గ్రూపుల గొడవలు పెరుగుతాయి.

తిరిగి తీసుకెళ్ళాలా?

ఈ ప్రశ్నకు జవాబు రాయకుండా ఈ వ్యాసం పూర్తి కాదు. ఎక్కువమంది పిల్లలు నెలన్నరలో కుదురుకుంటారు. ఆ సమయం ఇవ్వండి. అప్పటికీ పాప తినడం తగ్గి, నిద్ర తగ్గి, మాట తగ్గి, బరువు తగ్గుతుంటే, వార్డెన్, టీచర్, మీరు కలిసి ప్రయత్నించినా మార్పు లేకపోతే, డే స్కాలర్‌గా మార్చడం ఓటమి కాదు. అన్నయ్యకు సరిపడిన హాస్టల్ చెల్లెకు సరిపడాలని లేదు. ఈ ఏడాది సరిపడనిది రెండేళ్ళ తర్వాత సరిపడవచ్చు. పక్కింటి వాళ్ళు ఏమంటారో, కట్టిన ఫీజు ఏమవుతుందో అన్న ఆలోచన సహజమే. ఆ రెండూ పిల్ల ఆరోగ్యం తర్వాతే.

తీసుకెళ్ళినా “నువ్వు ఉండలేకపోయినవ్” అని జీవితాంతం గుర్తు చేయకండి.

వచ్చే ఔటింగ్ రోజున మూడు చిన్న పనులు

మొదటిది, తినుబండారాలు మీ బాబుకని కాకుండా రూమ్‌కని తీసుకురండి. సకినాలు, గారెలు, మురుకులు, ఒక సీసా మామిడికాయ తొక్కు, ఏదైనా సరే. పెట్టెకు తాళం వేసుకుని దాచుకునే లడ్డూల కన్నా ఎనిమిది మంది పంచుకునే మురుకులు ఎక్కువ దోస్తులను తెస్తాయి.

రెండోది, ఎవరూ రాని పిల్లలను గమనించండి. నాన్న మస్కట్‌లోనో దుబాయ్‌లోనో ఉండి, అమ్మకు ఆ రోజు వీలు కాక, మెట్ల మీద ఒక్కరే కూర్చున్న పిల్లలు ప్రతి ఔటింగ్ రోజునా ఇద్దరు ముగ్గురుంటారు. వార్డెన్‌కు చెప్పి, మీ టిఫిన్ దగ్గరికి వాళ్ళనూ పిలవండి.

మూడోది, మీ పాప రూమ్‌లో ఉండే ఇంకో పాప అమ్మానాన్నలతో మాట్లాడి ఫోన్ నంబర్ తీసుకోండి. పెద్దలకు పరిచయం ఉంటే పిల్లల మధ్య వచ్చిన చిన్న తగాదా గేటు దాకా రాదు, ఫోన్‌లోనే తేలిపోతుంది.

ఇవి చేసి, ఆ తర్వాతి ఆదివారం ఫోన్‌లో టిఫిన్ దగ్గర పక్కన ఎవరు కూర్చున్నారో అడగండి. పేరు చెబితే ఆ పేరు గుర్తు పెట్టుకోండి. పేరు చెప్పకపోతే సోమవారం క్లాస్ టీచర్‌కు ఫోన్ చేయండి. ఆ ఫోన్ మాకు ఇబ్బంది అని ఎప్పుడూ అనుకోకండి.